పదకొండూ పదికి నాలుగో గదిలో

ఆస్పత్రిలో ఆవిడని అందరూ గదులమ్మ అంటారు. ముఖాన అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు. వెనకాల అంటారు. ఆవిడకి తెలుసు, తెలిసీ తెలియనట్టు ఊరుకుంటుంది. నలభై రెండేళ్ళ మనిషి. అందులో పద్ధెనిమిదేళ్ళు మూడో అంతస్తులో, కంప్యూటర్ల గదిలో, ఏసీ చలికి శాలువా కప్పుకుని ఒక నల్లటి తెర ముందే గడిచిపోయాయి.

ఆ పేరెలా వచ్చిందో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాతదంతా అయోమయంగా ఉంటుంది. ఆ ఆస్పత్రిలో చిన్నా పెద్దా కలిపి ఇరవై మెషీన్లున్నాయి. బొమ్మలూ రంగులూ ఉన్నవి కావు, నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి ఆజ్ఞాపిస్తే వినే రకం. ఒక్కోదానికి ఒక్కో తెర తెరుచుకుంటూ పోతే మనిషికి పిచ్చెక్కుతుంది. అందుకని ఒక ప్రోగ్రాము ఉంది. నోరు తిరిగేవాళ్ళు దాన్ని టెర్మినల్ మల్టీప్లెక్సర్ అంటారు. అది ఒకే తెరకి అడ్డగోడలు కట్టి గదులుగా పంచుతుంది. ఒక గదిలో మందుల షాపు మెషీను, పక్క గదిలో ఎక్స్‌రేలది, కింది గదిలో రక్తపరీక్షలది. ఇలా కొన్ని గదులు కలిస్తే ఒక సెషను. ఆవిడ మాటల్లో అయితే ఒక ఇల్లు. ఆ ఇంట్లోంచి బయటికొచ్చి, కంప్యూటర్ కట్టేసి, తన ఇంటికెళ్ళి నిద్రపోయినా లోపల గదుల్లో పని ఆగదు. మర్నాడొచ్చి తలుపు తీస్తే ఎక్కడి పని అక్కడ నడుస్తూనే ఉంటుంది. ఎవరైనా దారి తప్పి ఏదైనా అడగడానికి వస్తే ఆవిడ ఈ గదుల గురించి అరగంట చెబుతుంది. పాపం, వాళ్ళు ప్రింటరు పనిచెయ్యడం లేదని చెప్పడానికి వచ్చుంటారు.

ఆవిడ తెరలో కుడివైపు చివర సన్నటి గది ఒకటుంది. అది పాలగదిది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం వేరే తల్లులు ఇచ్చిన పాలని గడ్డకట్టించి దాచే చలిగది కింద అంతస్తులో ఉంది. అక్కడ చలి ఎంతుందో నిమిషానికోసారి ఈ సన్నగదిలో అంకె పడుతుంది. మైనస్ ఇరవై ఉండాలి. మైనస్ పది దాటి పైకొచ్చిందంటే ఆ పాలన్నీ పారబొయ్యాల్సిందే. పై వార్డులో గాజుపెట్టెల్లో అరచేతంత పిల్లలు ఇరవై రెండు మంది ఉన్నారు, వాళ్ళకి అవే ఆధారం. డబ్బాపాలు వాళ్ళ పేగులకి పడవు. అందుకే ఏ పనిలో ఉన్నా ఆవిడ కన్నొకటి ఆ అంకె మీదే ఉంటుంది.

ఈ విద్యంతా నేర్పింది మాస్టారు. ఇరవై నాలుగేళ్ళ వయసులో టైపు కొట్టే ఉద్యోగానికి వచ్చిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తిట్టి, మొట్టినంత పని చేసి, మనిషిని చేశారు. "బయటికి రావడం వేరు, మూసెయ్యడం వేరు. ఆ తేడా తెలీనివాళ్ళు ఈ పనికి పనికిరారు" అనేవారు రోజుకి పదిసార్లు. కోపిష్టి మనిషి. ఏ పనైనా తన చేత్తో చేసుకుంటేగానీ తృప్తి ఉండేది కాదు, చేసింది ఒకరికి చెప్పేవారూ కాదు. ఆయన కుడిచేతి చిటికెనవేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. దాంతో ప్రతి ఆజ్ఞ చివరా పక్క మీట ఒకటి తగిలి, ఒక అక్షరం ఎక్కువ పడేది. ఆయన ఆగి, నాలుక చప్పరించి, ఆ అక్షరం చెరిపి, అప్పుడు ఎంటర్ కొట్టేవారు. పదిహేడేళ్ళకి పైగా ఆ చప్పుడు పక్కనే విన్న మనిషి గదులమ్మ. టక టక టక, ఆగడం, టక్, ఢమ్. పాటలా బట్టీ పడిపోయింది.

ఎనిమిది నెలల క్రితం మాస్టారు కడుపునొప్పని సెలవు పెట్టారు. రెండో రోజు ఫోన్ చేసి, "నా సెషన్లో నాలుగో గది ముట్టుకోకు. నేనొచ్చాక చెప్తా" అన్నారు. రాలేదు. రెండో వారంలోనే పోయారు. ఆవిడ కన్నతండ్రి పోయినప్పుడు ఏడ్చినంత ఏడ్చింది. ఆ తర్వాత ఆయన సెషను జోలికి వెళ్ళలేదు. మాస్టారి మాట మీద గౌరవం కొంత, తలుపు తీసి చూస్తే లోపల ఆయన లేరని మళ్ళీ ఒకసారి తెలుస్తుందన్న భయం కొంత.

కానీ ఎన్నాళ్ళు? ఆ సెషను నడుస్తున్న పాత మెషీన్ని శుక్రవారం ఆపెయ్యాలని పైనించి ఉత్తర్వు వచ్చింది. పదిహేనేళ్ళ నాటిది, మూలుగుతోంది. "అందులో పనికొచ్చేవన్నీ కొత్తదానిలోకి మార్చాను, ఏమీ మిగల్లేదు" అని సంతకం పెట్టాల్సింది గదులమ్మే. నాలుగో గది ఏం చేస్తోందో తెలియకుండా సంతకం ఎలా పెడుతుంది? అందుకని సోమవారం పొద్దున్న, మనసులోనే మాస్టారికో దణ్ణం పెట్టి, ఆయన సెషను తెరిచింది.

తెరవగానే ఏదో తేడాగా అనిపించింది. ఆవిడ తెర బారెడుంటుంది. కానీ మాస్టారి గదులు నాలుగూ ఎడంవైపు పైమూలలో చిన్నగా కుదించుకుని కూర్చున్నాయి. మిగిలిన తెరంతా చుక్కలు. వరసలు వరసలుగా, ఎవరో ఓపిగ్గా పెట్టినట్టు.

మీకూ నాకూ అవి చుక్కలే. ఆవిడకి మాత్రం గుండె గుభేల్మంది. ఆ పాత ప్రోగ్రాములో ఒక పద్ధతుంది. ఒకే సెషన్ని ఇద్దరు తెరుచుకుంటే, ఇద్దరికీ ఒకటే కనబడాలి కాబట్టి చిన్న తెర ఎవరిదో దాని కొలతకే గదులు కుదించుకుంటాయి. పెద్ద తెరవాళ్ళకి మిగిలిన చోటంతా చుక్కలు పడతాయి. అంటే, ఈ సెషన్లో తను కాక ఇంకెవరో ఉన్నారు. చిన్న తెర ముందు కూర్చుని.

ఎవరని జాబితా అడిగింది. రెండు పేర్లొచ్చాయి. ఒకటి తనది. రెండోది మాస్టారిది. ఎనిమిది నెలలుగా లోపలే ఉన్నట్టు చూపిస్తోంది. ఆయన ఆఖరుగా ఆఫీసుకొచ్చిన రోజు తేదీ. వచ్చిన దారి నెట్‌వర్క్ కాదు, నేరుగా మెషీన్ వెనక గుచ్చిన పాతకాలపు తీగ. ఆవిడ ఫైలు తీసి చూసింది. ఆ తీగని మూడేళ్ళ క్రితమే పీకేసినట్టు అందులో రాసుంది, కింద మాస్టారి సంతకం కూడా ఉంది.

"ఏదో పాత లెక్క మిగిలిపోయి అలా చూపిస్తోందిలే" అని తనకి తనే చెప్పుకుంది. పైకే చెప్పుకుంది, ఆ గదిలో వినేవాళ్ళెవరూ లేకపోయినా. అలా చెప్పుకుంటూండగానే పదకొండూ పది అయింది. నాలుగో గదిలో అక్షరాలు పడడం మొదలైంది.

ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి. మీటల మీద లేవు. అయినా తెర మీద ఒక్కో అక్షరమే వస్తోంది, తొందరా తొట్రుపాటూ లేకుండా. ఆజ్ఞ పూర్తయింది. చివర ఒక అక్షరం ఎక్కువ పడింది. ఆగింది, నాలుక చప్పరించేంత సేపు. ఆ అక్షరం చెరిగింది. ఎంటర్. రహస్యపదం చెప్పమని అడిగింది. రహస్యపదం కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనబడదు కదా, నాలుగైదు క్షణాలు ఆ గది ఖాళీగా ఉండిపోయింది. తర్వాత "అయింది" అని ఒక్క మాట పడింది.

ఆవిడ ఒళ్ళంతా చెమటలు. ఏసీ గదిలో, శాలువా కప్పుకున్న మనిషికి! లేచి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ తెర ముందు కూర్చుంది. ఇంకో పావుగంటకి ఊడ్చే ఆవిడ చీపురుతో లోపలికొచ్చింది. గదులమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే కాళ్ళు రెండూ పైకెత్తింది. రోజూ అంతే. కాళ్ళెత్తడమే ఆ ఊడ్చే ఆవిడకి ఈవిడ చేసే పలకరింపు.

మంగళవారం ఆవిడ ధైర్యం కూడగట్టుకుంది. పదకొండూ ఎనిమిదికి నాలుగో గదిలోకి వెళ్ళి, ఇంగ్లీషు అక్షరాల్లో "ఎవరు నువ్వు" అని కొట్టింది. ఎంటర్ కొడితే మెషీను అదేదో ఆజ్ఞనుకుంటుంది కాబట్టి ఊరికే కొట్టి వదిలేసింది. గోడగడియారం పదకొండూ పది చూపించింది. ఏమీ జరగలేదు. పదకొండూ పన్నెండు. ఆ ప్రశ్న అక్కడే ఉంది, దాని పక్కన గుర్తు ఆరుతూ వెలుగుతూ ఉంది. పద్నాలుగుకి కదలిక వచ్చింది. ఎవరో ఆ ప్రశ్నని వెనకనించి చెరపడం మొదలుపెట్టారు. గబగబా కాదు. ఒక అక్షరం, ఆగడం, ఇంకో అక్షరం. చెరపబుద్ధి కానట్టు చెరిపారు. అంతా ఖాళీ అయ్యాక రోజూ వచ్చే ఆజ్ఞే వచ్చింది, ఎక్కువ అక్షరంతో సహా.

సాయంత్రం ఇంటికెళ్ళి అక్కతో చెప్పింది. అక్కాచెల్లెళ్ళిద్దరే ఉంటారు, మేడ మీద రెండు గదుల్లో. అక్క బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగల మనిషి.

"పోయినవాళ్ళు వచ్చి డ్యూటీ చెయ్యడమేమిటే! ఉన్నవాళ్ళే సరిగ్గా చెయ్యడం లేదు" అంది అక్క, కుట్టుమిషను ఆపకుండా.

"వేళాకోళం కాదక్కా. ఆ వేలు ఆయనదే. నాకు తెలీదా?"

అక్క మిషను ఆపింది. చెల్లెలి ముఖంలోకి చూసి నోట్లోంచి సూదులు తీసింది. "భయపడ్డావా?"

"భయమే. కానీ... ఇంకోటుంది. చెప్తే నవ్వుతావు."

"నవ్వనులే, చెప్పు."

"పదకొండూ పది ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తున్నానక్కా."

అక్క నవ్వలేదు. "చూడవే, ఆయనంటే నీకు ప్రాణం, నాకు తెలుసు. కానీ ఇన్నేళ్ళ బట్టి కుడుతున్నా, నిప్పు లేకుండా పొగా రాదు, చెయ్యి లేకుండా కుట్టూ పడదు. ఎవడో ఉన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆయన పేరు అడ్డం పెట్టుకుని లోపల దూరాడు. రేపు ఆస్పత్రిలో ఏదైనా అయితే నీ ఉద్యోగం ఉంటుందా? నీ పేరు ఉంటుందా?" అంది.

అక్క మాట ముల్లులా దిగింది. నిజమే. వాళ్ళ వృత్తిలో మొదటి పాఠం అదే, లోపల తెలియని మనిషి కనబడితే ముందు బయటికి గెంటు, తర్వాత విచారించు. బుధవారం కూడా చూసింది. అదే వేళ, అదే నడక, అదే ఎక్కువ అక్షరం. గురువారం పొద్దున్న పదకొండింటికి, పళ్ళు బిగించి, జాబితాలో మాస్టారి పేరుని సెషన్లోంచి బయటికి పంపేసింది. మళ్ళీ రాకుండా ఆ తీగ దారి కూడా మూసేసింది.

అంతే, చుక్కలు పోయాయి. గదులు నాలుగూ విచ్చుకుని తెరంతా పరుచుకున్నాయి. పదకొండూ పది అయింది. నాలుగో గదిలో ఏమీ రాలేదు. పదకొండున్నర. రాలేదు. ఆవిడకి గెలిచినట్టూ ఉంది, ఎవరినో మెడపట్టి గెంటినట్టూ ఉంది. టీ తెప్పించుకుని తాగింది. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా?

ఒంటిగంటన్నరకి పాలగది అంకె మీద కన్ను పడింది. మైనస్ పద్ధెనిమిది. తలుపు తీసుంటార్లే అనుకుంది. రెండింటికి మైనస్ పదహారు. చెయ్యి ఫోను మీదకి వెళ్ళేలోపే అది మోగింది. పాలగది నర్సు.

"మేడం, ఇవ్వాళ కంప్రెసర్ చప్పుడు మారలేదండీ. రోజూ పదకొండు దాటాక ఒకటి ఆగి రెండోది మొదలవుతుంది. ఇవ్వాళ పాతదే తిరుగుతోంది. దాని నిండా మంచు పట్టేసింది, గాలి చల్లగా రావట్లేదు."

"అది ఆటోమేటిక్‌గా మారుతుంది కదా?"

"అనే అనుకుంటున్నామండీ, ఇన్నాళ్ళూ."

గదులమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. నాలుగో గది ఏం చేస్తోందో ఇప్పుడర్థమైంది. తనంతట తను మారే పరికరం ఎప్పుడో కాలిపోయుంటుంది. కొత్తది వచ్చేదాకా మాస్టారు రోజూ తన చేత్తోనే, ఇక్కడినించి ఆజ్ఞ కొట్టి, మంచు పేరుకోకుండా ఒక కంప్రెసర్ ఆపి రెండోది తిప్పేవారు. ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటుంటే కదా! మెకానిక్కి ఫోన్ చేస్తే సాయంత్రం ఐదన్నాడు. తెర మీద మైనస్ పదిహేను.

ఆజ్ఞ ఏమిటో నాలుగో గదిలో కనబడుతూనే ఉంది. అదే కొట్టింది. రహస్యపదం అడిగింది. అడిగేది కింద కంప్రెసర్ల పెట్టె, దాని మీద ఈవిడకి అధికారం లేదు. మాస్టారు వాడే మాటలు తనకి తెలిసినవి మూడు కొట్టింది. మూడుసార్లూ కాదంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ రమ్మని తలుపేసుకుంది. మైనస్ పద్నాలుగు.

ఈ లోకంలో ఆ మాట తెలిసింది ఇద్దరికే. ఒకరు పోయారు. ఇంకొకర్ని మూడు గంటల క్రితం తనే గెంటేసింది. ఆ రెండోవాళ్ళు ఎవరైనా సరే, మనిషైనా సరే, ఇంకోటైనా సరే, ఇప్పుడు వెతికి పట్టుకోవాలి. గదులమ్మ శాలువా విసిరేసి పాత మెషీన్ వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. పద్ధెనిమిదేళ్ళలో ఏ మనిషి ఎక్కడున్నాడో తెర మీద చూడడమే గానీ, లేచి వెళ్ళి చూసిన పాపాన పోలేదు. దుమ్ములో చెయ్యి పెట్టి తడిమితే తీగ దొరికింది. మూడేళ్ళ క్రితం కాగితం మీద మాత్రం పీకేసిన తీగ. దానికి కట్టిన అట్టముక్క మీద మాస్టారి చేతిరాతలో "తియ్యొద్దు" అని ఉంది.

పట్టుకుని నడిచింది. తీగ గోడ వెంట పాకి, మెట్ల పక్క గొట్టంలోంచి కిందికి దిగింది. రెండో అంతస్తులో బయటికొచ్చి కిటికీ అంచు వెంట పోయి మళ్ళీ గొట్టంలో దూరింది. మొదటి అంతస్తు. కింద అంతస్తు. అక్కడ జనం ఎవరి గొడవలో వాళ్ళున్నారు. గోడ తడుముకుంటూ పోతున్న ఆవిడని చూసి ఒకరిద్దరు పక్కకి తప్పుకున్నారు. పాలగది దాటి, నడవా చివర, మెట్ల కింద ఒక చిన్న తలుపు. తీగ దాని కింద నుంచి లోపలికి వెళ్ళింది.

ఆవిడ తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. లోపల చప్పుడు వినిపిస్తోంది. టక టక టక. ఆగడం. టక్. ఢమ్. మళ్ళీ మొదటినించి. టక టక టక. ఆగడం. టక్. ఢమ్.

పట్టపగలు రెండున్నర. వెనక నడవాలో పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరో స్ట్రెచర్ తోస్తున్నారు. అయినా వెన్నులో చలి పాకింది. "మాస్టారూ" అంది ఆవిడ. తను అన్నట్టు తనకే తెలియదు. తలుపు తోసింది.

చీపుర్లు. ఫినాయిల్ డబ్బాలు. తడిగుడ్డలు ఆరేసిన తాడు. అలమర మీద, డబ్బాల మధ్య, పాతకాలపు చిన్న తెరొకటి, ముందు పసుపుపచ్చబడిన మీటల పలక. దాని ముందు నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుని మీటలు నొక్కుతోంది ఊడ్చే ఆవిడ. తెర మీద ఏమీ లేదు. చెంపల మీద కన్నీళ్ళు ఎండిపోయి చారలు కట్టాయి.

"పలకట్లేదమ్మా" అంది, కళ్ళు తెరిచి, తప్పుచేసి దొరికినట్టు. "పదకొండింటి నించీ కొడుతున్నా. ఎంత కొట్టినా పలకట్లేదు."

 గదులమ్మకి అడగాల్సినవి వంద ఉన్నాయి. ఒక్కటే అడిగింది. "రహస్యపదం ఏంటి? చెప్పండి, త్వరగా."

"ఏం పదమమ్మా? నాకు చదువు రాదు. సార్ నా చెయ్యి పట్టుకుని నొక్కించారు, పదిరోజులు. ఇక్కడినించి ఇక్కడికి, తర్వాత ఇదీ, ఇదీ. అదే వేళ్ళకొచ్చింది. చివర్లో ఒకటి ఎక్కువ కొట్టి, ఆగి, చెరపాలి. అదీ నేర్చుకున్నా."

ఎక్కువ అక్షరం కూడా పనిలో భాగమే అనుకుని నేర్చుకుంది మహాతల్లి! గదులమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, రెండింటికీ టైము లేదు. "ఇక్కడే ఉండండి. కదలకండి. నేను పైకెళ్ళి దారి తెరుస్తాను. తెర వెలగ్గానే మీరు రోజూ ఎలా కొడతారో అలాగే కొట్టండి" అని చెప్పి పరుగెత్తింది.

మూడంతస్తులు. నలభై రెండేళ్ళ మోకాళ్ళు. పైకొచ్చి చూస్తే మైనస్ పదకొండు. తీగ దారి తెరిచింది. దారి తెరవగానే ఆ చిన్న తెర తనంతట తనే సెషన్లోకి వచ్చేలా మాస్టారు రాసిపెట్టుకున్నారు, వచ్చేసింది. గదులు మళ్ళీ మూలకి కుదించుకున్నాయి. చుక్కలు పరుచుకున్నాయి. ఈసారి ఆ చుక్కల్ని చూసి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

నాలుగో గదిలో అక్షరాలు మొదలయ్యాయి. ఎవరి వేళ్ళో ఇప్పుడు తెలుసు. తెలిసినా ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటే ఆ నడక మాత్రం మాస్టారిదే, ఆ వేళ్ళకి ఇంకో నడక తెలియదు. ఎక్కువ అక్షరం పడింది. ఆగింది. చెరిగింది. ఎంటర్. రహస్యపదం అడిగింది. ఖాళీ.  "అయింది."

అంకె మైనస్ పదకొండు దగ్గర చాలాసేపు ఆగింది. నర్సు ఫోన్ చేసి, "మారిందండీ చప్పుడు, మారింది!" అని అరిచింది. మూడింటికి మైనస్ పన్నెండు. మూడుంపావుకి పద్నాలుగు. అప్పటిదాకా కుర్చీలో కూర్చోలేదు ఆవిడ. నిలబడే చూసింది. తర్వాత నెమ్మదిగా మెట్లు దిగింది.

ఊడ్చే ఆవిడ తలుపు బయట నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుంది. గదులమ్మ కూడా వెళ్ళి పక్కనే నేల మీద చతికిలబడింది. చీర మాసిపోతుందనే ధ్యాస కూడా లేదు.

"ఇన్నాళ్ళూ మీరు చేసిన పని ఏమిటో తెలుసా పెద్దమ్మా?"

"సార్ చెప్పిన పని."

చెప్పింది. పాలగది, కంప్రెసర్లు, గాజుపెట్టెల్లో పిల్లలు. ఊడ్చే ఆవిడ నోరు తెరుచుకుని విని, తన వేళ్ళకేసి చూసుకుంది. "అమ్మో! ముందే చెప్పుంటే భయంతో తప్పు నొక్కేదాన్ని" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకే ఎందుకు చెప్పారని మీరు కోపం తెచ్చుకోకండమ్మా. మీకూ చెప్తానన్నారు. ఒంట్లో బాగాలేదు, వారం పదిరోజులు చూడు, వచ్చాక మా అమ్మాయికి నేర్పిస్తా అన్నారు" అంది.

మా అమ్మాయి అన్నారట. గదులమ్మ తల తిప్పుకుంది.

"అమ్మా, మీరు నాకో సాయం చెయ్యాలి" అంది ఊడ్చే ఆవిడ. "ఇవ్వాళ ఆలస్యమైంది కదా, నా తప్పు కాదని సార్‌కి చెప్పండి. జ్వరంలోనూ వచ్చాను. ఆదివారాలూ వచ్చాను. ఒక్కరోజు మానలేదు. ఆయన ఇంట్లోంచి చూస్తుంటానన్నారు. ఇవ్వాళ చూసి ఏమనుకున్నారో."

గదులమ్మ గుండె జారిపోయింది. మాస్టారు పోయిన రోజు ఆస్పత్రిలో అందరికీ ఈమెయిల్ వెళ్ళింది. రాసి పంపింది తనే. ఈమెయిల్ లేనివాళ్ళకి చావుకబురు కూడా అందదన్న సంగతి అప్పుడు తోచలేదు. ఈవిడ రోజూ తన గది ఊడుస్తూనే ఉంది, తను రోజూ కాళ్ళెత్తుతూనే ఉంది. ఎనిమిది నెలల్లో ఒక్క మాట చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది.

"పెద్దమ్మా... సార్ లేరు. పోయారు. సెలవు పెట్టిన రెండో వారంలోనే."

 నడవాలో ఎవరో వెళ్తూ వీళ్ళ కాళ్ళు దాటుకుని పోయారు.

"కాదమ్మా" అంది ఊడ్చే ఆవిడ. "మొన్న మంగళవారం రాశారు కదా. నేను వెళ్ళేసరికి తెర మీద అక్షరాలున్నాయి. నాకోసమే రాశారు. చదవడం రాక అలా చూస్తూ నిలబడ్డా. చెరపబుద్ధి కాలేదు. చోటు కావాలి కదా అని చెరిపాను."

"అది నేను రాశాను."

"మీరా? ఏమని?"

అబద్ధం చెప్పచ్చు. మంచిమాటలు ఎన్ని లేవు? నాలుక చివరిదాకా ఒకటి వచ్చింది కూడా. కానీ ఆ మనిషి ముఖంలోకి, ఇన్నేళ్ళకి మొదటిసారి, సూటిగా చూస్తూ అబద్ధం చెప్పలేకపోయింది గదులమ్మ.

"ఎవరు నువ్వు, అని."

ఊడ్చే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తలుపు సందులోంచి కనబడుతున్న చిన్న తెరని కాసేపు చూసింది.

"పోన్లెండి" అంది. "ఇన్నేళ్ళకి ఒకళ్ళు అడిగారన్నమాట."